వుడ్ ఫ్రాగ్, ఆర్కిటిక్ నేల ఉడత: చలికాలాన్ని ఎవరు బాగా దాటుతున్నారు?

ధ్రువతార:
ఈ రెండు జీవుల్ని పక్కపక్కన పెట్టి మాట్లాడుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. ఒకటి వుడ్ ఫ్రాగ్. ఉత్తర అమెరికా అడవుల్లో ఉండే చిన్న కప్ప, కంటి వెనక నల్లటి పట్టీ ఉంటుంది, అరచేతిలో పెట్టుకుంటే ఇంకా చోటు మిగులుతుంది. రెండోది ఆర్కిటిక్ నేల ఉడత. ఇది చెట్లెక్కే రకం కాదు, నేలలో బొరియలు తవ్వుకునేది, బరువు కిలోకి కాస్త అటూ ఇటూ. రెండూ అలాస్కాలో ఉంటాయి, రెండూ ఏడాదిలో సగానికి పైగా కదలకుండా పడి ఉంటాయి, రెండింటి ఒళ్లూ సున్నా డిగ్రీల కిందికి పోతుంది. అందుకే చాలామంది "శీతాకాల సుప్తావస్థ" అని ఇద్దర్నీ ఒకే గాటన కట్టేస్తారు. నాకు అక్కడే అభ్యంతరం. కప్ప ఒంట్లో నీళ్లు నిజంగానే గడ్డకడతాయి, గుండె ఆగిపోతుంది. ఉడత ఒళ్లు సున్నా కంటే చల్లబడినా ఒక్క మంచు పలుకు కూడా పుట్టదు, గుండె మెల్లగానైనా కొట్టుకుంటూనే ఉంటుంది. ఇవి ఒకే పనికి రెండు రకాలు కాదు, పూర్తిగా ఎదురెదురు దారులు. నా ఉద్దేశంలో కప్పదే తెలివైన దారి, ఎందుకంటే పడుకున్నన్నాళ్లూ దానికి దాదాపు ఖర్చే లేదు. మీరేమంటారు?

కొత్తసభ్యుడు:
ఆగండి ఆగండి. గుండె ఆగిపోతే చచ్చిపోయినట్టే కదా అన్నా? గడ్డకట్టిన కప్ప మళ్లీ లేవడం ఏంటి?

శ్యామల_జువాలజీ:
లేస్తుంది, అందులో సందేహం లేదు. 1982లో విలియం ష్మిడ్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని ప్రచురించాక, కెనడాలో కెన్నెత్ స్టోరీ దశాబ్దాల తరబడి దీని మీదే పనిచేశారు. మీ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పాలంటే, మనం "చావు" అనుకునే గుర్తులన్నీ ఆ కప్పలో కనిపిస్తాయి. ఊపిరి లేదు, గుండె చప్పుడు లేదు, రక్తం కదలదు, మెదడులో కొలవగలిగే చురుకు ఉండదు. కళ్లు తెల్లగా మసకబారతాయి. చేత్తో పట్టుకుంటే రాయిలా గట్టిగా ఉంటుంది, కాలు వంచబోతే విరుగుతుందేమో అన్నట్టు ఉంటుంది. ఒంట్లో నీటిలో దాదాపు 65 శాతం దాకా మంచు అవుతుంది. కానీ కణాల లోపల మాత్రం మంచు పుట్టదు. కిటుకంతా అక్కడే ఉంది.

కొత్తసభ్యుడు:
అంటే మంచు ఎక్కడ పడుతుంది మరి?

శ్యామల_జువాలజీ:
చర్మం కింద, కండరాల మధ్య సందుల్లో, ముఖ్యంగా పొట్ట ఖాళీలో అవయవాల చుట్టూ. అవయవాల్లోని నీళ్లు బయటికి వచ్చేసి ఆ ఖాళీలో మంచుగా పేరుకుంటాయి. లోపల గుండె, కాలేయం లాంటివి నీళ్లు తగ్గి ముడుచుకుపోయి ఉంటాయి. టమాటాని డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే మెత్తబడి నీళ్లు కారుతుందే, అది కణం లోపల మంచు సూదులు పుట్టి గోడలు చీల్చడం వల్ల. కప్ప ఆ పరిస్థితి రాకుండా ముందే నీటిని కణం బయటికి పంపేస్తుంది, లోపల మిగిలిన కాస్త నీటిలో చక్కెర నింపేస్తుంది.

ఆ చక్కెర ఎంతో తెలుసా? చర్మం మీద మంచు మొదలైన నిమిషాల్లోనే కాలేయానికి కబురు వెళ్తుంది. వేసవంతా, శరదృతువంతా తిని దాచుకున్న గ్లైకోజన్‌ని కాలేయం గ్లూకోజ్‌గా విడగొట్టి రక్తంలోకి వదిలేస్తుంది. గుండె ఇంకా కొట్టుకుంటున్న ఆ కొన్ని గంటల్లోనే దాన్ని ఒళ్లంతా చేర్చాలి, ఎందుకంటే తర్వాత పంపు చేసేవాళ్లు ఉండరు.

వార్డునర్సు:
నేను రోజూ చూసే షుగర్ రిపోర్టుల లెక్కలో చెప్పండి మేడమ్, ఎంత ఉంటుంది?

శ్యామల_జువాలజీ:
డెసిలీటరుకి 4,000 మిల్లీగ్రాములు దాటిన కొలతలు ఉన్నాయండి.

వార్డునర్సు:
నాలుగు వేలా!! మాకు 600 దాటితేనే వార్డంతా పరుగులు. మనిషికి పరగడుపున 100 లోపు ఉండాలి. ఆ స్థాయిలో చక్కెర ఉంటే ప్రోటీన్లకి అంటుకుపోయి కళ్లు, కిడ్నీలు, నరాలు అన్నీ దెబ్బతింటాయి. కప్పకి ఏమీ కాదా? వసంతంలో లేచాక దానికి డయాబెటిస్ లాంటిది మిగలదా?

శ్యామల_జువాలజీ:
మిగలదు. కరిగాక ఆ గ్లూకోజ్‌ని మళ్లీ కాలేయం లాక్కుని గ్లైకోజన్‌గా మార్చేసుకుంటుంది. అంత చక్కెర తిరిగి కాలేయంలోకి చేరుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. గడ్డకట్టి ఉన్నప్పుడు చలి వల్ల రసాయన చర్యలన్నీ నత్తనడక నడుస్తాయి కాబట్టి, మన ఒంటి వేడిలో జరిగే నష్టం ఆ వేగంతో జరగదు. ఆ స్థాయి చక్కెరకి తట్టుకోవడం మీద వైద్య పరిశోధకులకి ఇంత ఆసక్తి ఉన్నది అందుకే.

భౌతికం_బాబు:
ఒక చిన్న సంగతి చేరుస్తాను, ఫిజిక్స్ వైపు నుంచి. నీరు మంచుగా మారేటప్పుడు గుప్తోష్ణం బయటికి వస్తుంది కదా. కప్ప గడ్డకట్టడం మొదలవగానే దాని ఒళ్లు ఒక్కసారిగా కాస్త వేడెక్కుతుంది, గుండె వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే మంచు వదిలిన వేడితోనే గుండె ఆ కాస్త సమయం గట్టిగా పనిచేసి చక్కెరని అందరికీ పంచుతోంది! నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే.

ఇంకోటి. గడ్డకట్టడం నెమ్మదిగా జరగాలి. మొత్తం పూర్తవడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఒకేసారి బాగా చల్లటి చోట పెట్టేస్తే నీళ్లు బయటికి వచ్చే టైమ్ ఉండదు, చక్కెర పంచే టైమ్ ఉండదు, కప్ప చచ్చిపోతుంది. అందుకే కప్ప మంచుని ఆలస్యం చేయదు, కావాలనే తొందరగా మొదలుపెట్టిస్తుంది. దాని రక్తంలో మంచు పలుకులు పుట్టడానికి బీజంలా పనిచేసే ప్రోటీన్లు ఉంటాయి. సున్నాకి కొంచెం కిందే మంచు మొదలైతే నింపాదిగా పాకుతుంది. మైనస్ 6 దాకా ద్రవంగానే ఉండి అప్పుడు మొదలైతే భళ్లున ఒక్కసారిగా గడ్డకట్టేస్తుంది, ఇక పని అయిపోయినట్టే.

రాత్రిపిట్ట:
సరే, కప్ప గురించి అందరూ ఆహా ఓహో అంటున్నారు కాబట్టి నేను ఉడత పక్షాన నిలబడతాను. 1989లో బ్రయాన్ బార్న్స్ అనే శాస్త్రవేత్త అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో నేల ఉడతల పొట్టలో ఉష్ణోగ్రత కొలిచే చిన్న ట్రాన్స్‌మిటర్లు అమర్చి, ఆరుబయట మట్టిలో చలికాలం గడపనిచ్చారు. వచ్చిన కొలత మైనస్ 2.9 డిగ్రీలు. బతికున్న క్షీరదంలో ఒంటి ఉష్ణోగ్రత అంత కిందికి పోవడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. మామూలుగా రక్తం మైనస్ 0.6 దగ్గరే గడ్డకట్టాలి. చేపల్లో ఉండే యాంటీఫ్రీజ్ లాంటి పదార్థమేదైనా ఉందేమోనని రక్తం పరీక్షిస్తే అదీ లేదు. ద్రవంగానే ఉండిపోయింది, అంతే.

ఇక్కడ ధ్రువతార గారితో నాకు పేచీ ఉంది. కప్ప మంచుకి లొంగిపోయింది, ఉడత లొంగలేదు. చలి మైనస్ 2.9 కంటే పెరిగితే ఉడత తన కొవ్వు కొంచెం కొంచెంగా కాలుస్తూ అక్కడే నిలబెడుతుంది. చుట్టూ మట్టి మైనస్ 15కి పోయినా ఒళ్లు మైనస్ 3 దగ్గర ఆగుతుంది, తల, మెడ అయితే సున్నాకి కాస్త పైనే ఉంటాయి. అంటే స్పృహ లేని స్థితిలో కూడా మెదడులో ఒక థర్మోస్టాట్ పనిచేస్తూనే ఉంది. దీన్ని తెలివి అనరా?

ధ్రువతార:
తెలివే, కాదనను. కానీ ఎంత ఖరీదైన తెలివో చూడండి. ఆ ఉడత రెండు మూడు వారాలకొకసారి లేచి ఒళ్లంతా 36, 37 డిగ్రీలకి వేడెక్కించుకుంటుంది. ఒక రోజు లోపు అలా ఉండి మళ్లీ చల్లబడుతుంది. చలికాలం మొత్తంలో అది మెలకువగా గడిపేది కొద్ది రోజులే, కానీ దాచుకున్న కొవ్వులో ఎక్కువ భాగం ఖర్చయ్యేది ఆ రోజుల్లోనే. ఇంటికి తాళం వేసి ఊరెళ్లినవాడు కప్ప. ఉడత ఊరెళ్లి కూడా పదిహేను రోజులకోసారి వెనక్కి వచ్చి...

రాత్రిపిట్ట:
ఆ పోలిక కుదరదండి. లేవకపోతే ఉడత బతకదు. దానికి వేరే గత్యంతరం ఉందా అనేది అసలు ప్రశ్న.

కొత్తసభ్యుడు:
ఎందుకు లేవాలి అసలు? హాయిగా పడుకోవచ్చు కదా

శ్యామల_జువాలజీ:
చాలా మంచి ప్రశ్న, దీని మీద ఇంకా వాదన నడుస్తోంది. 1991లో వచ్చిన ఒక ఆలోచన మాత్రం నా విద్యార్థులందరికీ చెప్తాను, వింటే ఆశ్చర్యపోతారు. ఉడత లేచేది నిద్రపోవడానికి! చల్లబడి పడి ఉన్న స్థితి నిద్ర కాదు. అంత చల్లటి మెదడులో మామూలు నిద్ర తరంగాలు కనిపించవు. వేడెక్కిన తర్వాత ఉడత ఆ కొన్ని గంటల్లో చాలా భాగం గాఢంగా నిద్రపోతుంది, నిద్ర బాకీ పడ్డవాడు పడుకున్నట్టు. బార్న్స్ కూడా ఆ పేపర్ రాసినవాళ్లలో ఒకరు. తర్వాతి ప్రయోగాల్లో దీనికి అనుకూలంగా, ప్రతికూలంగా రెండు రకాల ఫలితాలూ వచ్చాయి, కాబట్టి ఇదే కారణం అని తేల్చేయలేం. రోగనిరోధక వ్యవస్థ నడవడానికని కొందరు, మెదడు మరమ్మతుకని కొందరు అంటారు.

మెదడు మరమ్మతు సంగతి చెప్పుకోవాలి. నేల ఉడతల జాతుల్లో చల్లబడినప్పుడు నరకణాల కొమ్మలు ముడుచుకుపోతాయి, ఒకదానితో ఒకటి కలిసే సంధులు తగ్గిపోతాయి. వేడెక్కిన కొన్ని గంటల్లోనే అవన్నీ తిరిగి పెరుగుతాయి. చలికాలమంతా ఇదే తంతు, మళ్లీ మళ్లీ. ఇంకో జాతి నేల ఉడతల్లో టావ్ అనే ప్రోటీన్ కూడా అల్జీమర్స్‌లో కనిపించే తరహాలో మారిపోయి, లేవగానే మామూలుగా అయిపోతుంది.

వార్డునర్సు:
ఈ ఒక్క విషయం మా వార్డులో అల్జీమర్స్ పేషెంట్ల ఇళ్లవాళ్లకి చెప్తే ఎంత ఆశపడతారో. తిరిగి మామూలవడం అనేది ఒక క్షీరదంలో సాధ్యమే అన్నమాట. మందు వచ్చినట్టు కాదు, తెలుసు, అయినా.

భౌతికం_బాబు:
గత్యంతరం గురించి రాత్రిపిట్ట అడిగినదానికి నేను ఇలా ఆలోచిస్తున్నాను. ద్రవం గడ్డకట్టే ఉష్ణోగ్రత దాటినా ద్రవంగానే ఉండటాన్ని అతిశీతలీకరణ అంటారు. శుద్ధమైన నీటి చిన్న బిందువుల్ని మైనస్ 38 దాకా ద్రవంగా ఉంచొచ్చు. షరతు ఒకటే, మంచు పుట్టడానికి బీజం దొరకకూడదు. ధూళి, బ్యాక్టీరియా, అన్నిటికంటే ముఖ్యంగా బయటి మంచు తాకకూడదు. ఒక్క మంచు పలుకు తగిలితే మొత్తం ద్రవం గడ్డకట్టేస్తుంది.

ఇప్పుడు రెండు జంతువుల చర్మాలు చూడండి. కప్ప చర్మం తడిగా ఉంటుంది, నీటిని అటూ ఇటూ పోనిస్తుంది, అది ఉభయచరాల లక్షణమే కదా, చర్మంతోనే నీళ్లు తాగుతాయి, కొంత ఊపిరి కూడా పీలుస్తాయి. తడి ఆకుల మధ్య పడుకున్న కప్పకి ఆ ఆకుల మీది మంచు తగలగానే చర్మం గుండా లోపలికి పాకుతుంది. కాబట్టి అతిశీతలీకరణ మీద ఆధారపడే అవకాశం కప్పకి లేదు. ఏ రాత్రి ఏ మంచు పలుకు తగులుతుందో తెలియనప్పుడు, గడ్డకట్టడానికే సిద్ధమై ఉండటం మేలు. ఉడతకి పొడి చర్మం, దాని మీద ఒత్తైన బొచ్చు, చుట్టూ ఎండుగడ్డితో అల్లుకున్న గూడు. మంచు ఎక్కడున్నా దాని ఒంటికి తగలదు. అందుకే అది మైనస్ 2.9 దాకా ధైర్యం చేయగలిగింది.

ధ్రువతార:
ఇది భలే చెప్పావు బాబూ. ఖర్చు గురించే ఆలోచిస్తున్నాను కానీ చర్మం వైపు నుంచి చూస్తే ఎవరి దారి వాళ్లకి ముందే ఖరారైపోయినట్టుంది. అయితే ఒక ప్రశ్న, ఇద్దరిలో ఎవరైనా ఇంకా లోతుకి తవ్వుకుని గడ్డకట్టని మట్టిలోకి పోవచ్చు కదా? ఉత్తర అమెరికాలోనే టోడ్ జాతి కప్పలు మంచు దిగని లోతు దాకా తవ్వుకుపోతాయి, వాటికి గడ్డకట్టే గొడవే లేదు.

రాత్రిపిట్ట:
ఉడతకి ఆ దారి మూసుకుపోయింది. ఆర్కిటిక్‌లో కింద ఏడాది పొడవునా గడ్డకట్టే ఉండే నేల ఉంటుంది, శాశ్వత మంచు నేల. వేసవిలో పైపొర మాత్రమే కరుగుతుంది, మీటరు లోపే చాలా చోట్ల. ఆ పొరలోనే బొరియ. చలికాలం వచ్చేసరికి ఆ పొర కూడా పైనుంచీ కిందనుంచీ గడ్డకట్టేస్తుంది, ఉడత చుట్టూ నాలుగు వైపులా మంచు నేలే.

వుడ్ ఫ్రాగ్‌కి తవ్వే కాళ్లు లేవు. రాలిన ఆకుల కింద కాస్త గుంట చేసుకుని పడుకుంటుంది. దాన్ని కాపాడేది పైన పడిన మంచు దుప్పటి. గాలిలో మైనస్ 40 ఉన్నా, మంచు మందంగా ఉంటే దాని కింద అంత చలి ఉండదు.

శ్యామల_జువాలజీ:
ఆ మంచు దుప్పటి కిందే కొలిచిన లెక్కలు ఉన్నాయి. 2014లో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర ప్రకృతిలోనే పడుకున్న వుడ్ ఫ్రాగ్‌ల మీద ఒక అధ్యయనం ప్రచురించారు, బార్న్స్ ఇందులోనూ ఉన్నారు, అంటే రెండు జంతువుల్నీ ఆయనే చూశారు. అవి సగటున 193 రోజులు గడ్డకట్టి ఉన్నాయి, కనిష్ఠం మైనస్ 18 దాకా పోయింది, పరిశీలించినవన్నీ వసంతంలో బతికి లేచాయి. దక్షిణాన ఒహాయో వైపు ఉండే అదే జాతి కప్పలు ల్యాబ్‌లో మైనస్ 5, 6 దాటితే తట్టుకోలేవు. అదే జాతి, అంత తేడా.

దీనికి వాళ్లు చూపిన కారణం చూడండి. ల్యాబ్‌లో కప్పని ఒకేసారి గడ్డకట్టిస్తారు. ప్రకృతిలో అలా జరగదు. శరదృతువు చివర రాత్రి గడ్డకడుతుంది, పగలు కరుగుతుంది, మళ్లీ రాత్రి గడ్డకడుతుంది. గడ్డకట్టిన ప్రతిసారీ కాలేయం కొంత గ్లూకోజ్ వదులుతుంది, కరిగినప్పుడు అంతా వెనక్కి పోకముందే ఇంకో రాత్రి వచ్చేస్తుంది. అలా మెట్టు మెట్టుగా పేరుకుని, ల్యాబ్ కప్పలతో పోలిస్తే కండరాల్లో 13 రెట్లు, గుండెలో 10 రెట్లు ఎక్కువ గ్లూకోజ్ కనిపించింది. అసలైన చలి వచ్చేసరికి కప్ప పూర్తిగా సిద్ధమై ఉంటుంది.

భౌతికం_బాబు:
వావ్. అంటే ల్యాబ్ ఫలితాలు కప్పని తక్కువ అంచనా వేశాయి ఇన్నాళ్లూ.

కొత్తసభ్యుడు:
వసంతంలో కరిగేటప్పుడు ఎలా ఉంటుంది? ముందు కాళ్లు కదుపుతుందా?

శ్యామల_జువాలజీ:
కాదు, లోపల నుంచి బయటికి. గుండె, కాలేయం, మెదడు దగ్గర చక్కెర ఎక్కువ, చర్మం, కాళ్ల దగ్గర తక్కువ. చక్కెర ఎక్కువున్న చోట మంచు ముందుగా కరుగుతుంది. ఇంకా పొట్టలో మంచు ముక్కలు ఉండగానే గుండె మొదలవుతుంది, మొదట ఒక్కో కొట్టుకోవడానికి మధ్య చాలా ఎడం ఉంటుంది. తర్వాత గొంతు దగ్గర చర్మం మెల్లగా కదలడం కనిపిస్తుంది, అది ఊపిరి. చివరగా వెనక కాలు పట్టుకుని లాగితే వెనక్కి లాక్కుంటుంది. ఒక రోజులో గెంతుతుంది. మరి కొద్ది రోజుల్లో మడుగు చేరి జత కోసం అరుస్తుంటుంది, ఆ మడుగు అంచున ఇంకా మంచు ఉండగానే. నేల మీద పడుకోవడం వల్ల లాభం ఇదే. చెరువు అడుగున చలికాలం గడిపే కప్పలు పైన మంచు పలక కరిగేదాకా ఆగాలి. వుడ్ ఫ్రాగ్ ఆకులు కరగగానే బయల్దేరుతుంది. వేసవికి ఎండిపోయే చిన్న మడుగుల్లో గుడ్లు పెడుతుంది కాబట్టి దానికి ప్రతి రోజూ ముఖ్యమే. ఆ మడుగుల్లో చేపలు ఉండవు, తోకకప్పలకి తినేవాళ్ల బెడద తక్కువ.

వార్డునర్సు:
ఒక సందేహం. ఏడెనిమిది నెలలు మూత్రం పోయకుండా ఉంటే యూరియా పేరుకుపోదా? కిడ్నీ ఫెయిల్ అయిన పేషెంట్‌కి వారం డయాలసిస్ ఆపితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

శ్యామల_జువాలజీ:
కప్ప ఆ యూరియాని కూడా వాడుకుంటుంది! రక్తంలో పేరుకున్న యూరియా గ్లూకోజ్‌తో కలిసి కణాల్ని మంచు నుంచి కాపాడుతుంది. ఇక్కడ మాత్రం రెండు జంతువులూ ఒకే దారికి వచ్చాయి. రెండు చోట్లా పేగుల్లోని బ్యాక్టీరియా యూరియాని విడగొట్టి నత్రజనిని మళ్లీ ఒంటికి ఇస్తాయి. కప్పలో ఇది 2018లో చూపించారు, ఆర్కిటిక్ ఉడతకి దగ్గరి బంధువైన పదమూడు చారల నేల ఉడతలో 2022లో చూపించారు. ఆ నత్రజనితో ఉడత ప్రోటీన్ తయారుచేసుకుంటుంది. నెలల తరబడి తిండి లేకుండా, కదలకుండా ఉన్నా కండ పెద్దగా కరిగిపోకపోవడానికి ఇదొక కారణం.

వార్డునర్సు:
మంచాన పడ్డ పేషెంట్‌కి రెండు వారాల్లోనే తొడ కండ ఎలా పోతుందో కళ్లారా చూస్తాం. అందుకే అడిగాను. ఇది నిజంగా మనకి పనికొచ్చే సంగతి.

హరివిల్లు:
ఇప్పుడే ఈ చర్చ మొత్తం చదివాను. అయితే మనుషుల్ని కూడా గడ్డకట్టించి వందేళ్ల తర్వాత లేపొచ్చు అన్నమాట. కప్ప చేసి చూపించింది కదా, ఇంక టెక్నాలజీ రావడమే తరువాయి.

రాత్రిపిట్ట:
లేదండి, ఆ మాట గట్టిగా ఖండించాలి. కప్పలో గడ్డకట్టేది మొత్తం నీళ్లు కాదు, మూడింట ఒక వంతు ద్రవంగానే ఉంటుంది. ఉష్ణోగ్రత మైనస్ 18 కంటే కిందికి పోయినట్టు చూడలేదు. మనుషుల్ని దాస్తామని చెప్పేవాళ్లు ద్రవ నత్రజనిలో పెడతారు, అది మైనస్ 196. ఆ రెండూ వేరే వేరే లోకాలు. పైగా కప్ప గడ్డకట్టేటప్పుడు బతికే ఉంటుంది, తన కాలేయంతో, తన గుండెతో తనే తయారవుతుంది. చనిపోయిన మనిషిలో ఆ పని ఎవరు చేస్తారు? కప్ప పేరు చెప్పి జనాన్ని ఆశపెట్టడం నాకు ఏమాత్రం నచ్చదు.

భౌతికం_బాబు:
సైజు కూడా మర్చిపోకండి. కొన్ని గ్రాముల కప్పలో వేడి ఒకే రకంగా బయటికి పోతుంది. డెబ్బై కిలోల ఒంట్లో పైన గడ్డకట్టినా లోపల వెచ్చగా ఉంటుంది, ఆ మధ్య గంటల్లో ఆక్సిజన్ అందక మెదడు పోతుంది.

వార్డునర్సు:
మొత్తం మనిషి వద్దు, అవయవం సంగతి చెప్పండి. దానం చేసిన గుండెకి నాలుగు నుంచి ఆరు గంటలే టైమ్. కాలేయానికి పన్నెండు గంటల లోపు. ఐస్‌లో 4 డిగ్రీల దగ్గర పెడతారు, ఆ లోపు చేరకపోతే వృథా. ఆ టెన్షన్ దగ్గర్నుంచి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ధ్రువతార:
అక్కడ ఈ రెండు జంతువుల దారులూ నిజంగానే ల్యాబ్‌కి వచ్చేశాయండి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ పరిశోధకులు 2014లో ఎలుక కాలేయాన్ని సున్నా కిందికి చల్లబరిచి, మంచు పుట్టకుండా నాలుగు రోజుల దాకా నిలవ ఉంచి మార్పిడి చేశారు. 2019లో మనిషి కాలేయాన్ని మైనస్ 4 దగ్గర ద్రవ స్థితిలోనే ఉంచి, ఒంటి బయట దాని ఆయుష్షుని 27 గంటలు పెంచగలిగారు. సూత్రం చూస్తే ఇది ఉడత దారి, మంచుని పుట్టనివ్వకపోవడం. బాటిల్‌లో గాలి బుడగ కూడా లేకుండా తీసేస్తారు, ఎందుకంటే ద్రవానికీ గాలికీ మధ్య అంచు దగ్గరే మంచు మొదలయ్యే ప్రమాదం ఎక్కువ. 2022లో అక్కడివాళ్లే ఇంకో పద్ధతి ప్రచురించారు. ఎలుక కాలేయాన్ని మైనస్ 10 నుంచి 15 మధ్య కొంత గడ్డకట్టనిచ్చి ఐదు రోజుల దాకా ఉంచారు. దానికి వాడింది గ్లూకోజ్‌కి దగ్గరి రూపం, కణం వాడి ఖర్చుపెట్టలేనిది. బీజంగా పనిచేసే పదార్థం కూడా కలిపారు, మంచు సున్నాకి దగ్గరలోనే నెమ్మదిగా మొదలవ్వాలని. ఇది అచ్చంగా కప్ప దారి, కప్ప పేరు వాళ్లే చెప్పారు.

నాకు రెండో దారి మీదే ఎక్కువ నమ్మకం. మంచు రాకూడదు అనే షరతు మీద నడిచే పద్ధతిలో బండి కుదుపుకో, చిన్న మలినానికో మొత్తం పోవచ్చు. మంచు వస్తుందని ముందే ఒప్పుకుని దాన్ని ఎక్కడ పుట్టాలో చెప్పే పద్ధతి ఎక్కువ రోజులు నిలబడుతుంది.

రాత్రిపిట్ట:
నేను ఒప్పుకోను. ఇప్పటిదాకా మనిషి అవయవం మీద అంత దూరం వచ్చింది ఉడత దారే కదా. పైగా ఉడత దగ్గర ఇంకా నేర్చుకోవాల్సింది ఉంది. 2018లో పదమూడు చారల నేల ఉడత మూలకణాల నుంచి నరకణాలు పెంచి, మనిషి నరకణాల పక్కన పెట్టి చల్లబరిచారు. మనిషి కణాల్లో లోపలి సూక్ష్మనాళికలు, అంటే కణాన్ని నిలబెట్టే సన్నటి గొట్టాలు, చితికిపోయాయి, ఉడతవి చెక్కుచెదరలేదు. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుని మందులు వాడితే మనిషి కణాలు కూడా చలికి తట్టుకున్నాయి. కప్ప దగ్గర చక్కెర అప్పు తెచ్చుకోవచ్చు. ఉడత మన లాంటి క్షీరదం, దాని కణాలు మనవాటికి ఎంతో దగ్గర.

వార్డునర్సు:
ఎవరి దారైనా సరే నాకు పర్లేదు. పన్నెండు గంటలు రెండు రోజులైతే చాలు. దూరపు ఊళ్ల పేషెంట్లకి అవయవం చేరుతుంది.

హరివిల్లు:
ఇంకో ప్రశ్న అడుగుతాను. భూమి వేడెక్కుతోంది కదా, మరి చలి తగ్గితే ఈ రెండింటికీ మంచిదే అవ్వాలి?

శ్యామల_జువాలజీ:
అంత సూటిగా ఉండదు. కప్ప విషయంలో అసలు కీలకం మంచు దుప్పటి. గాలి కాస్త వెచ్చబడి మంచు పల్చగా పడితే, చలి రాత్రి వచ్చినప్పుడు కప్ప పడుకున్న చోటు మునుపటికంటే ఎక్కువ చల్లబడొచ్చు. చలికాలం మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టినా దాచుకున్న గ్లైకోజన్ ఖర్చవుతుంది, తినడానికేమో ఏమీ ఉండదు.

ఉడత మీద 25 ఏళ్ల కొలతలతో 2023లో ఒక అధ్యయనం వచ్చింది. శరదృతువులో బొరియ చుట్టూ మట్టి ఇప్పుడు ఆలస్యంగా గడ్డకడుతోంది. దానివల్ల ఉడత ఒంటి వేడి కోసం కొవ్వు కాల్చడం కూడా ఆలస్యంగా మొదలవుతోంది, అంటే ఖర్చు తగ్గింది, అక్కడిదాకా మంచిదే. కానీ ఆడ ఉడతలు మునుపటికంటే పది రోజులు ముందు లేస్తున్నాయి, మగవి మాత్రం ఎప్పటిలాగే లేస్తున్నాయి.

కొత్తసభ్యుడు:
ముందు లేస్తే ఏమవుతుంది?

శ్యామల_జువాలజీ:
మామూలుగా మగవే ముందు లేస్తాయి. బొరియలో దాచుకున్న గింజలు తింటూ, ఒళ్లు వెచ్చగా ఉంచుకుని, కొన్ని వారాల్లో వృషణాలు పెరిగి జతకి సిద్ధమవుతాయి. ఆ తర్వాతే ఆడవి బయటికి వస్తాయి. ఈ రెండింటి మధ్య ఎడం ఇప్పుడు తగ్గిపోతోంది. ఇలాగే కొనసాగితే ఆడవి బయటికి వచ్చే సమయానికి మగవి ఇంకా సిద్ధంగా ఉండకపోవచ్చు.

రాత్రిపిట్ట:
ఆడవి మట్టి వేడిని బట్టి లేస్తున్నాయి, మగవి లోపలి హార్మోన్ గడియారాన్ని బట్టి లేస్తున్నాయి. మరి వుడ్ ఫ్రాగ్‌లో ఆడా మగా ఇద్దరూ ఒకే ఆకుల పొర కింద, ఒకే మంచు కరిగినప్పుడు లేస్తారు. ఆ రకంగా చూస్తే ఈ ఇబ్బంది కప్పకి రాదు. ఈ ఒక్క విషయంలో మార్కు ధ్రువతార గారి కప్పకే వేస్తున్నాను, మిగతావాటి మీద వాదన రేపు కొనసాగిద్దాం.